పద్దెనిమిది బిట్లు, ఒక్క సెకను: అగ్నివీర్ మార్కుల లెక్క

1.6 కిలోమీటర్ల పరుగును 5 నిమిషాల 30 సెకన్లలో ముగించిన కుర్రాడికి 60 మార్కులు. అతని వెనకే 5 నిమిషాల 31వ సెకనులో గీత దాటినవాడికి 48. ఒక్క సెకనుకు 12 మార్కులు పోయాయి. అగ్నివీర్ రాతపరీక్షలో జనరల్ డ్యూటీ అభ్యర్థి అదే 12 మార్కులు తెచ్చుకోవాలంటే 6 బిట్లు కరెక్టుగా పెట్టాలి. రేపల్లె కాలువ కట్టల మీదా, సూర్యలంక ఇసుకలోనూ, తెనాలి స్కూలు గ్రౌండుల్లోనూ తెల్లవారకముందే పరుగు మొదలుపెట్టే కుర్రాళ్లకు ఆ సెకను విలువ బాగా తెలుసు. ఆ 6 బిట్ల విలువ అంత బాగా తెలియదు. ఈ కథనం వాటి కోసమే.

పాత పద్ధతిలో ముందు ర్యాలీ ఉండేది. పరుగెత్తి, బీమ్ లాగి, మెడికల్ దాటినవాళ్లకే రాతపరీక్ష పెట్టేవారు. 2023లో సైన్యం ఈ వరుసను తిరగేసింది. ఇప్పుడు మొదట కంప్యూటర్ మీద ఉమ్మడి ప్రవేశ పరీక్ష, అంటే సీఈఈ. అందులో మెరిట్ వచ్చినవాళ్లకే ర్యాలీ పిలుపు. 5 నిమిషాల 10 సెకన్లలో పరుగు ముగించగల కుర్రాడైనా సీఈఈ గట్టెక్కకపోతే ఆ కాళ్లను చూసేవాళ్లే ఉండరు. వరుస మారి ఏళ్లు గడిచాయి. మన ఊళ్లలో ప్రిపరేషన్ మాత్రం చాలామందికి ఇంకా పాత వరుసలోనే సాగుతోంది. ఏడాదంతా గ్రౌండు, హాల్‌టికెట్ వచ్చాక పది రోజులు పుస్తకం.

ముందు పోటీ ఎవరితోనో చూద్దాం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. సైన్యం లెక్కలో మాత్రం మూడూ గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు కిందివే. రేపల్లె దగ్గర పెనుమూడి వారధి దాటి అవనిగడ్డ వైపు వెళితే అక్కడి కుర్రాడు కృష్ణా జిల్లావాడు, విశాఖపట్నం ఆఫీసు కిందికి వస్తాడు. నదికి ఇవతల ఉన్న మనవాడి మెరిట్ జాబితాలో ఉండేది నెల్లూరు, ప్రకాశం, కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు పిల్లలు. కాబట్టి పక్క ఊరి కుర్రాడికి ఎన్ని మార్కులొచ్చాయో చూసుకుని ధైర్యం తెచ్చుకోవడం వల్ల లాభం లేదు.

ఇక అర్హత. దాన్ని తేల్చేది పరీక్ష కాదు, ఇంట్లో బీరువాలో ఉన్న మార్కుల మెమో. జనరల్ డ్యూటీ (జీడీ) విభాగానికి పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో కనీసం 33 శాతం ఉండాలి. మన పదో తరగతి మొత్తం 600 మార్కులు, అందులో 45 శాతమంటే 270. అన్ని సబ్జెక్టుల్లోనూ సరిగ్గా 35 తెచ్చుకుని పాసైన కుర్రాడికి వచ్చేది 210. అతని చేతిలో పాస్ సర్టిఫికెట్ ఉంటుంది, జీడీకి అర్హత ఉండదు. ఇంకో మెలిక హిందీలో ఉంది. మన బోర్డులో సెకండ్ లాంగ్వేజ్‌కి 20 మార్కులొస్తే పాస్, సైన్యం ప్రతి సబ్జెక్టుకూ అడిగేది 33. హిందీలో 24తో గట్టెక్కిన కుర్రాడు మిగతా సబ్జెక్టుల్లో ఎన్ని తెచ్చుకున్నా ఈ నిబంధన దగ్గర చిక్కుకుంటాడు. తొమ్మిదో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఈ ఒక్క సంగతి తెలిసినా చాలు.

ఇంటర్ దగ్గరకు వచ్చేసరికి దారులు చీలిపోతాయి. టెక్నికల్ విభాగానికి ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఇంగ్లిష్‌తో ఇంటర్ ఉండాలి, మొత్తం 50 శాతం, ప్రతి సబ్జెక్టులో 40 శాతం రావాలి. పదో తరగతి తర్వాత ఐటీఐ, డిప్లొమా చేసినవాళ్లకూ ఈ విభాగంలో దారి ఉంది. ఆఫీస్ అసిస్టెంట్, స్టోర్ కీపర్ విభాగం ఏ గ్రూపువాళ్లకైనా అంటారు. మెట్టు మాత్రం ఎత్తు: మొత్తం 60 శాతం, ప్రతి సబ్జెక్టులో 50 శాతం. పైగా ఇంగ్లిష్‌లోనూ, మ్యాథ్స్ లేదా అకౌంట్స్ లేదా బుక్ కీపింగ్‌లోనూ 50 శాతం తప్పనిసరి. ఈ చివరి షరతుతో ‘ఏ గ్రూపైనా’ అన్న మాట సగం చెల్లకుండా పోతుంది. సీఈసీ వాళ్లకు కామర్స్‌లో అకౌంట్స్ ఉంది కాబట్టి దారి ఉంది. హెచ్‌ఈసీ చదివినవాళ్లకు 80 శాతం వచ్చినా ఆ మ్యాథ్స్, అకౌంట్స్ షరతు దాటడం కుదరదు. బైపీసీ వాళ్లకు ఇటు టెక్నికల్ లేదు, అటు ఆఫీస్ అసిస్టెంట్ లేదు. వాళ్లకు వేరే తలుపు ఉంది: నర్సింగ్ అసిస్టెంట్. దానికి బయాలజీతో ఇంటర్, మొత్తం 50 శాతం, సబ్జెక్టుకు 40 శాతం చాలు. అది నాలుగేళ్ల అగ్నివీర్ కొలువు కాదు, రెగ్యులర్ సిపాయి ఉద్యోగం. బైపీసీ చదివి నీట్ రాక, ఏం చేయాలో తోచని పిల్లలు మన డెల్టాలో ఊరికి పదిమంది ఉంటారు. వారిలో ఎంతమందికి ఈ ఉద్యోగం పేరు తెలుసు?

ట్రేడ్స్‌మన్‌కు పదో తరగతి పాసైతే చాలు, మొత్తం శాతం పట్టింపు లేదు, సబ్జెక్టుకు 33 ఉండాలి. హౌస్ కీపర్, మెస్ కీపర్ పనులకు ఎనిమిదో తరగతి చాలు.

ఇక సీఈఈ. గంట సమయం, 50 బిట్లు. జీడీకి, ట్రేడ్స్‌మన్‌కు ఒక్కో బిట్టుకు 2 మార్కుల చొప్పున 100 మార్కులు, పాస్ మార్కు 35. టెక్నికల్‌కు, ఆఫీస్ అసిస్టెంట్‌కు ఒక్కో బిట్టు 4 మార్కులు, మొత్తం 200, పాస్ మార్కు 80. తప్పు జవాబుకు బిట్టు విలువలో నాలుగో వంతు కోత, అంటే జీడీలో అర మార్కు, టెక్నికల్‌లో ఒక మార్కు. జీడీ పేపర్లో జనరల్ నాలెడ్జ్, సైన్స్, మ్యాథ్స్ తలా 15 బిట్లు, రీజనింగ్ 5. టెక్నికల్ పేపర్లో మ్యాథ్స్, ఫిజిక్స్ తలా 15, కెమిస్ట్రీ 10, జీకే 10.

ఇప్పుడు లెక్క వేద్దాం. తప్పు లేకుండా రాస్తే జీడీ పాస్ కావడానికి 18 బిట్లు చాలు, 36 మార్కులు వస్తాయి. ఏమీ వదలకుండా 50 బిట్లూ పెట్టేసేవాడు మాత్రం పాస్ కావాలంటే 24 కరెక్టు కావాలి. 24 ఒప్పులకు 48 మార్కులు, 26 తప్పులకు 13 కోత, మిగిలేది సరిగ్గా 35. టెక్నికల్‌లో ఇదే లెక్క 20 దగ్గర మొదలై 26 దగ్గర ఆగుతుంది.

అలాగని తెలియనివన్నీ వదిలేయాలా? చాలా అకాడమీల్లో ‘డౌటుంటే ముట్టుకోవద్దు’ అని నూరిపోస్తారు. అంకెలు ఆ మాటను సమర్థించవు. నాలుగు ఆప్షన్లున్న జీడీ బిట్టును కళ్లు మూసుకుని పెట్టినా సగటున వచ్చేది 0.125 మార్కు, అంటే దాదాపు సున్నా, నష్టం మాత్రం కాదు. ఒక ఆప్షన్ కచ్చితంగా తప్పని తీసేయగలిగితే సగటు 0.33కు పెరుగుతుంది. రెండు తీసేస్తే 0.75. అందుకే గుడ్డిగా పెట్టడం కన్నా, పూర్తిగా వదిలేయడం కన్నా, తప్పు ఆప్షన్లను ఏరేయడం నేర్చుకోవడంలోనే మార్కులున్నాయి.

ఒక బిట్టు చూడండి. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు ప్లాట్‌ఫామ్ మీద ఒక స్తంభాన్ని 15 సెకన్లలో దాటింది, రైలు పొడవెంత? ఆప్షన్లు 150, 300, 1080, 4800 మీటర్లు అనుకుందాం. 72ని 15తో గుణించేసి 1080 పెట్టేవాడి కోసమే ఆ ఆప్షన్ అక్కడ ఉంచుతారు. 4800 మీటర్లంటే దాదాపు 5 కిలోమీటర్ల రైలు. తెనాలి స్టేషన్లో రైళ్లు చూసి పెరిగిన కుర్రాడు లెక్క చేయకుండానే ఆ రెండూ కొట్టేయగలడు. మిగిలిన రెండింటిలో ఏదో తేల్చడానికి గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లని తెలిస్తే చాలు: 20 ఇంటూ 15, 300. ఇది ఎనిమిదో తరగతి లెక్క. సీఈఈ మ్యాథ్స్ చాలా వరకు ఈ స్థాయిలోనే ఉంటుంది. కష్టమంతా వేగంలో ఉంది, ఎందుకంటే ఒక్కో బిట్టుకు దొరికేది సగటున 72 సెకన్లే.

ఆఫీస్ అసిస్టెంట్ పేపర్లో ఇంకో గొయ్యి ఉంది. పేపరు రెండు భాగాలు, ఒక్కో దానిలో 25 బిట్లు. రెండో భాగమంతా ఇంగ్లిషే. ఒక్కో భాగంలో కనీసం 32 మార్కులు రావాలి, అంటే 8 బిట్లు. రెండు భాగాల్లోనూ ఎనిమిదేసి కరెక్టు పెట్టినవాడికి వచ్చేది 64, కావలసింది 80. రెండు మెట్లూ ఎక్కినా గడప బయటే ఆగిపోతాడు. ఈ విభాగానికి 2024 నుంచి టైపింగ్ పరీక్ష కూడా పెట్టారు.

పాస్ మార్కు సెలక్షన్ మార్కు కాదని గుర్తుంచుకోవాలి. 35 వస్తే లైన్లో నిలబడే హక్కు వచ్చిందంతే. ఆ లైన్లోంచి ఎంతమందిని ర్యాలీకి పిలవాలన్నది ఖాళీలు, మెరిట్ తేలుస్తాయి. పరీక్ష రోజుల తరబడి అనేక షిఫ్టుల్లో జరుగుతుంది. 2025లో జూన్ 30 నుంచి జూలై 10 వరకు నడిచింది. ఒక షిఫ్టు పేపరు తేలిక, ఇంకోటి కష్టం కావచ్చు కనుక మార్కులను నార్మలైజ్ చేసి ఒకే కొలతకు తెస్తారు. తేలిక షిఫ్టులో 40 వచ్చినవాడు కష్టం షిఫ్టులో 37 వచ్చినవాడికన్నా ముందుంటాడన్న గ్యారంటీ లేదు. అందుకే పాస్ మార్కును గురిగా పెట్టుకుని చదివే కుర్రాడికి ర్యాలీ దూరమవుతుంది.

2025లో రెండు మంచి మార్పులు వచ్చాయి. పరీక్షను తెలుగుతో సహా 13 భాషల్లో పెట్టారు, ఒక అభ్యర్థి తన అర్హతను బట్టి రెండు విభాగాలకు దరఖాస్తు చేసుకునే వీలు కల్పించారు. రెండోది చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ నా దృష్టిలో అదే పెద్దది. అది ఎందుకో తెలియాలంటే అమెరికా పద్ధతి ఒకసారి చూడాలి.

అమెరికా సైన్యంలో ముందు పరీక్ష, తర్వాత ఉద్యోగం. ఆస్‌వాబ్ అనే ఒకే పరీక్ష అందరికీ. అందులో లెక్కలు, భాషకు సంబంధించిన నాలుగు భాగాల నుంచి ఏఎఫ్‌క్యూటీ అనే స్కోరు తీస్తారు. అది మార్కు కాదు, 1 నుంచి 99 వరకు ఉండే పర్సెంటైల్. 1997లో 18 నుంచి 23 ఏళ్ల యువతకు పరీక్ష పెట్టి తయారుచేసిన కొలమానంతో పోల్చి అభ్యర్థి ఎక్కడ నిలబడ్డాడో చెబుతుంది. హైస్కూలు డిప్లొమా ఉన్నవాడికి ఆర్మీలో చేరడానికి 31 చాలు. 10 కన్నా తక్కువ వస్తే చట్టమే అడ్డుకుంటుంది. చేరడానికి అర్హత తేలాక మిగతా భాగాలను రకరకాలుగా కలిపి, ఎలక్ట్రానిక్స్‌కు ఒకటి, మెకానిక్ పనికి ఒకటి, ఆఫీసు పనికి ఒకటి, ఇలా వేర్వేరు స్కోర్లు తీస్తారు. ఏ ఉద్యోగానికి పనికొస్తాడో ఆ స్కోర్లు చెబుతాయి. గ్రీన్‌కార్డుతో అక్కడ సైన్యంలో చేరాలనుకునే మన తెలుగు పిల్లలూ ఈ గేటు గుండానే వెళ్లాలి.

మన దగ్గర ముందు ఉద్యోగం ఎంచుకోవాలి, తర్వాత దాని పరీక్ష రాయాలి. టెక్నికల్ టిక్ పెట్టి 76 మార్కులు తెచ్చుకున్న కుర్రాడి మార్కులు ఒకప్పుడు దేనికీ పనికొచ్చేవి కావు. అతను జీడీ పేపరు రాసి ఉంటే బహుశా సెలక్టయ్యేవాడు. ఇప్పుడు రెండు దరఖాస్తులు పెట్టుకోవచ్చు కాబట్టి ఆ నష్టం కొంత తగ్గింది. ఇంటర్ ఎంపీసీలో 1000కి 540 వచ్చి, ప్రతి సబ్జెక్టులో 40 శాతం దాటిన రేపల్లె కుర్రాణ్ని ఊహించుకోండి. 60 శాతం లేదు కాబట్టి ఆఫీస్ అసిస్టెంట్ పోయింది. టెక్నికల్ ఉంది, పదో తరగతిలో 270 దాటితే జీడీ కూడా ఉంది. అతను ఆ రెండూ పెట్టాలి. ఒక్కటే పెట్టాడంటే ఒక అవకాశాన్ని చేజేతులా వదులుకున్నట్టే.

స్కోర్ల కొలత తప్పితే ఏమవుతుందో కూడా అమెరికా చూసింది. 1976లో కొత్త పరీక్షను పాతదానితో సరిపోల్చే పట్టికలో తప్పు జరిగింది, తక్కువ మార్కులవాళ్లకు ఎక్కువ స్కోరు పడింది. 1980 వరకు అది సరికాలేదు. ఈలోగా అర్హత లేని 3 లక్షల మందికి పైగా సైన్యంలో చేరారు. 2022 ఆగస్టులో అదే సైన్యం ఇంకో పని చేసింది. 21 నుంచి 30 మధ్య స్కోరు వచ్చినవాళ్లను తిప్పి పంపకుండా, సౌత్ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్‌లో 90 రోజుల వరకు చదివించి మళ్లీ పరీక్ష రాయించే కోర్సు మొదలుపెట్టింది. తక్కువ మార్కు తెలివితక్కువతనానికి గుర్తు కాదు, నేర్పకపోవడానికి గుర్తు అని ఒప్పుకున్నట్టే కదా. మన జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కల మాస్టర్లున్నారు, సాయంత్రం ఖాళీగా ఉండే గదులున్నాయి. పరీక్షకు ముందు మూడు నెలలు, రోజుకు గంట చొప్పున ఎనిమిది, తొమ్మిది, పదో తరగతి లెక్కలు మళ్లీ చెప్పించడం పంచాయతీలకు తలకు మించిన పనేమీ కాదు.

సీఈఈ దాటితే గ్రౌండు. 1.6 కిలోమీటర్ల పరుగులో ఇప్పుడు నాలుగు మెట్లున్నాయి. 5.30 లోపు 60 మార్కులు, 5.45 లోపు 48, 6 నిమిషాల్లోపు 36, 6.15 లోపు 24. నాలుగు వందల మీటర్ల ట్రాక్ మీద లెక్కిస్తే మొదటి మెట్టుకు ఒక్కో రౌండు 82.5 సెకన్లలో రావాలి, చివరి మెట్టుకు దాదాపు 94 సెకన్లలో వచ్చినా చాలు. పుల్ అప్స్ 10 లాగితే 40 మార్కులు, 9కి 33, 8కి 27, 7కి 21, 6కి 16. తొమ్మిదడుగుల గొయ్యి దూకడం, జిగ్‌జాగ్ బీమ్ మీద నడవడం పాసైతే చాలు, మార్కులు లేవు. మొత్తం 100. జీడీ తుది మెరిట్‌లో సీఈఈ 100, గ్రౌండు 100, ఎన్‌సీసీ సర్టిఫికెట్ లాంటివి ఉంటే బోనస్ మార్కులు కలుస్తాయి.

ఇక్కడే నాలుగు పుల్ అప్స్ విలువ గమనించాలి. ఆరు లాగేవాడికీ పది లాగేవాడికీ తేడా 24 మార్కులు, అంటే 12 బిట్లు. పరుగులో పది సెకన్లు తగ్గించుకోవడం చాలామందికి గగనమే. బీమ్ మీద నాలుగు పెంచుకోవడానికి మూడు నాలుగు నెలల సాధన చాలు, ఇంటి వెనక ఒక ఇనుప పైపు ఉంటే సరిపోతుంది. ఎత్తు మాత్రం మన చేతిలో లేదు. జీడీకి మన ప్రాంతంవాళ్లకు 166 సెంటీమీటర్లు, టెక్నికల్‌కు 165, ఆఫీస్ అసిస్టెంట్‌కు 162. మిలిటరీ పోలీసు విభాగంలో చేరాలనుకునే అమ్మాయిలకూ 162 సెంటీమీటర్లే, పరుగుకు 8 నిమిషాల వరకు సమయం ఉంటుంది. గ్రౌండు తర్వాత 2024 నుంచి అడాప్టబిలిటీ టెస్టు కూడా పెడుతున్నారు. కొత్త వాతావరణంలో, ఒత్తిడిలో ఇమడగలడా అని చూసే పరీక్ష అది.

వాయుసేన, నౌకాదళం లెక్కలు వేరు. సూర్యలంకలో వాయుసేన స్థావరాన్ని చూసి పెరిగే బాపట్ల పిల్లలకు ఇది ముఖ్యం. అగ్నివీర్ వాయులో సైన్స్ గ్రూపు పేపరు 60 నిమిషాలు, ఇంగ్లిష్, ఫిజిక్స్, మ్యాథ్స్. సైన్స్ కాని గ్రూపుకు 45 నిమిషాలు, ఇంగ్లిష్, రీజనింగ్. రెండూ రాస్తే 85 నిమిషాలు. ఇంటర్ మొత్తంలోనూ, ఇంగ్లిష్‌లో విడిగానూ 50 శాతం ఉండాలి. అక్కడ ఇంగ్లిషే వడపోత.

ఇంత కష్టపడి చేరితే వచ్చేదేమిటి? మొదటి ఏడాది నెలకు 30 వేలు, తర్వాత 33 వేలు, 36,500, 40 వేలు. అందులో 30 శాతం సేవానిధికి పోతుంది, కాబట్టి మొదటి ఏడాది చేతికొచ్చేది 21 వేలు. అలా కోసిన మొత్తం నాలుగేళ్లకు 5.02 లక్షలు, ప్రభుత్వం అంతే కలుపుతుంది, వడ్డీతో చివర్లో వచ్చేది 11.71 లక్షలు. నాలుగేళ్ల తర్వాత 100 మందిలో 25 మంది వరకే రెగ్యులర్ సైన్యంలో ఉంటారు. మిగతావాళ్లకు కేంద్ర సాయుధ బలగాల్లో 10 శాతం రిజర్వేషన్‌ను 2022లో ప్రకటించారు. ఈ 25 శాతం సంగతి ఇంట్లో అందరూ ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. కుర్రాడు చేరాక ఇరవై ఒకటో ఏటో, ఇరవై రెండో ఏటో తిరిగొస్తే డిగ్రీ ఎలా, తర్వాత ఏమిటి అన్నది ముందే అనుకోకపోతే సేవానిధి డబ్బు ఇంటి అప్పులకే కరిగిపోతుంది. అయినా ఆ మార్గం ఎంచుకునే పిల్లలు మనకున్నారు, వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. అందుకే వాళ్లు లెక్క తెలుసుకుని అడుగు వేయాలని ఇంత పట్టుగా చెబుతున్నాను.

చివరగా తల్లిదండ్రులకు ఒక మాట. నోటిఫికేషన్ వచ్చిందంటే ‘మా వాడు ఆఫీసులో ఉన్నాడు, మార్కులు వేయిస్తాం’ అంటూ దళారులు ఊళ్లలోకి దిగుతారు. సీఈఈ కంప్యూటర్ మీద జరుగుతుంది, మార్కులు కంప్యూటరే వేస్తుంది, పరుగును టైమర్ కొలుస్తుంది. వయసు, విభాగాలు, తేదీలు ఏటా నోటిఫికేషన్‌లో కొంచెం మారుతుంటాయి కనుక జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్‌లో గుంటూరు ఆఫీసు నోటిఫికేషన్‌ను మీరే చదవండి, మెమో పక్కన పెట్టుకుని అర్హత మీరే సరిచూసుకోండి. సైన్యం దరఖాస్తుకు తీసుకునే ఫీజు 250 రూపాయలు. అంతకు మించి ఎవరు అడిగినా ఇవ్వకండి.